చేపల తొట్టి కింద ఆయకట్టు

తిమ్మప్పకు ఆ చేపలంటే మొదటినుంచీ గిట్టదు. కూరకు పనికిరావు, కాపలా కాయవు, పైగా ఇంట్లో మనుషులకంటే వాటికే నీళ్లెక్కువ. అనంతపురంలో వాళ్ల వీధికి కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన పూట కోడలు రేఖ బిందెలూ డ్రమ్ములూ నింపుకోవడానికి నానా హైరానా పడుతుంటే, మనవరాలు ఆశ్రిత పేచీ పెట్టి కొనిపించుకున్న ఆ గాజు తొట్టి మాత్రం హాల్లో నిండుగా, దర్జాగా కూర్చుని ఉంటుంది. "దీన్ని ఎవురికన్నా ఇచ్చేయండి" అని ఇంట్లో అడుగుపెట్టిన వారంలోనే పెద్దాయన తీర్పు చెప్పేశాడు.

ఆయన తన ఊరు యాడికి నుంచి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. వరుసగా మూడేళ్లు వేరుశనగ వేశాడు. మూడేళ్లూ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. పువ్వు రాలాక కిందికి సాగే సన్నటి కాడే ఊడ. అది మట్టిలోకి దిగితేనే కాయ. ఆ పదిరోజులూ నేల తడిగా లేకపోతే చెట్టు పీకినా దక్కేవి గింజలేని లొట్టకాయలే. ఇక చాలు నాయనా అని కొడుకు పట్నానికి తెచ్చేశాడు. తిమ్మప్ప వచ్చాడు గానీ ఒకటే దిగులు. ఆ లొట్టపోయిన పంటే తన చివరి పంట అవుతుందా అని. ఆ దిగులుతో అన్నం కూడా సరిగా తినేవాడు కాదు.

వారానికోసారి రేఖ తొట్టిలో సగం నీళ్లు తీసి కొత్తవి పోసేది. తీసిన నీళ్లు మోరీలో పోస్తుంటే ఒకరోజు ఆయన కంట పడింది. ప్రాణం ఉసూరుమంది.

"ఏమ్మా, బకెట్లకు బకెట్లు మోరీ పాలు చేస్తాండావే?"

"చేపల మురికి మామా. గబ్బు కొడతాండాది. ఏం చేసుకోవల్ల?"

మురికి అనగానే రైతు బుర్ర చురుక్కుమంది. మురికంటే ఎరువే కదా. ఎరువూ నీళ్లూ కలిసి ఒకే బకెట్లో వస్తుంటే ఇన్నాళ్లూ మోరీకి నైవేద్యం పెడుతున్నారు ఈ మహాతల్లులు. బకెట్ లాక్కుని మిద్దెక్కాడు. కొత్తిమీర వేద్దామని రేఖ ఎప్పుడో మట్టి నింపి మరచిపోయిన కుండీలున్నాయి అక్కడ. నీళ్లు పోసి, కాసేపాగి, గుప్పెడు మట్టి పిసికి చూశాడు. విత్తనానికి సరిపడా తడి, మంచి పదును. ఈ మెట్టసీమలో పదును కనబడ్డాక రైతు ముహూర్తం చూడడు, ఎవరినీ అడగడు. ఆరిపోకముందే విత్తేస్తాడు. తిమ్మప్ప తిన్నగా వంటింట్లోకి వెళ్లి, చట్నీకని దాచిన పచ్చి వేరుశనగ విత్తనాలు జేబులో వేసుకుని మళ్లీ మిద్దెక్కాడు.

"మిద్దె మీద శెనక్కాయలు ఏసినారా మామా?" అని రేఖ నోరు తెరిచింది.

"కొత్తిమీర అంగట్లో దొరుకుతాది లేమ్మా."

పైరు ఏపుగా లేచింది. చేపల్ని తిట్టిన మనిషే పొద్దున్నే లేచి "పాపా, చేపలు తిన్యాయా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఇంతలో రేఖకే విసుగొచ్చింది. నీళ్లు మోసి మోసి నడుం పడిపోతోందని, "మీరు చెప్పినట్టే చేద్దాం మామా. ఇంగ రోంత ఇబ్బంది పెట్టినాయంటే ఈ తొట్టిని బత్తలపల్లెలో మా అక్క ఇంటికి పంపిచ్చేస్తా" అంది. ముసలాయన గబగబా ఆమె చేతిలోంచి బకెట్ అందుకున్నాడు. తీర్పు తనదే అయిపోయె మరి.

సరిగ్గా ఊడలు దిగే రోజుల్లో చేశాడు ఘనకార్యం. ఎండ మండిపోతోంది, రేఖ బజారుకెళ్లింది, ఆశ్రిత బడికెళ్లింది. సగం నీళ్లు ఏ మూలకని, చేపల్ని ఒక గిన్నెలోకి తీసి, తొట్టి మొత్తం వంచేసి కుండీలకు పోశాడు. అంతటితో ఆగాడా? బిందె తోమినట్టు తొట్టిని తళతళా తోమి, అప్పుడే వచ్చిన కొళాయి నీళ్లు నేరుగా పట్టేసి చేపల్ని మళ్లీ అందులో వదిలాడు. క్లోరిన్ మందు వాసన ముక్కు పగలగొడుతున్నా పట్టించుకోలేదు. రేఖ ఎప్పుడూ ఆ మందు పోయేలా నీళ్లను ఒకరోజు నిలబెట్టాకే పోస్తుందని ఆయన గమనిస్తే కదా! కాసేపటికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచాయి.

ఇంట్లో డ్రమ్ముల్లోనూ ఆయన అప్పుడే నింపిన కొత్త నీళ్లే. తిమ్మప్ప పక్కింటి అక్కమ్మ వాకిట్లో బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. ఈ ఊళ్లో ఒకరిని నీళ్లు అడగడమంటే మాటలు కాదు, అడిగి ఎరగని మనిషికి మరీను.

"మొన్నటి నీళ్లుంటే పొయ్యి అక్కమ్మా."

"తాగనీకా అన్నా?"

"చేపలకి."

అక్కమ్మ ఎగాదిగా చూసింది, నవ్వింది, నీళ్లిచ్చింది. ఆ నీళ్లలో చేపలు తేరుకునేసరికి రేఖ గుమ్మంలో ఉంది. సంగతి విన్నాక సంచి కింద పెట్టి, "ఇంగ చాలు మామా. రేపే పంపిచ్చేస్తా" అంది.

తిమ్మప్ప తల వంచుకున్నాడు. "పంట చేతికొచ్చేదంక ఉండనీ తల్లీ. తొట్టి పోతే నా పైరు ఎండిపోతాది. ఇంగోసారి లొట్టకాయలు పీకేది నా చేత కాదు."

మామ తనను ఏదైనా కావాలని అడగడం రేఖకు అదే మొదటిసారి. ఆమె సంచి మళ్లీ చేతిలోకి తీసుకుంది. "సగానికి మించి తీయగూడదు. నిలబెట్టిన నీళ్లే పోయల్ల. అట్లయితే ఉండనీ" అంది.

ఆకు పండుబారిన రోజున మామా, కోడలూ, ఆశ్రితా ముగ్గురూ మిద్దెక్కారు. మొదటి చెట్టును ఆయన మొదలు పట్టి పీకాడు. వేళ్ల నిండా కాయలు వేలాడుతున్నాయి. ఒకటి చిదిమాడు. లోపల రెండు గింజలు, డొల్ల నిండుగా. తిమ్మప్ప పిట్టగోడకు ఆనుకుని కూలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఈలోగా ఆశ్రిత పచ్చికాయలు సగం నమిలేసింది. మిగిలినవాటిలో మేలైనవి ఏరి ఆయన విత్తనానికని తువ్వాలులో మూటగట్టాడు.

"మళ్లా ఎప్పుడు విత్తుతారు మామా?"

యాడికిలో ఏటా తొలకరికి ముందు ఊరంతా ఒకరినొకరు అడిగే మాట ఇది. బతుకంతా తిమ్మప్ప దానికి ఒక్క జవాబే చెప్పాడు, వాన పడితే అని. అదే నోటిదాకా వచ్చి ఆగింది.

"ఆదివారం తల్లీ. ఆ పొద్దు తొట్టి నీళ్లు మార్చల్ల గదా."