డిస్ట్రిబ్యూటర్‌ని మార్చాలన్న కబురు

రెండు వేల ఇరవై రెండు, ఎండాకాలం. మార్కాపురంలో కంభం వెళ్లే రోడ్డు పక్కన నా షెడ్డు. పలకల మిల్లుల దుమ్ము బండ్ల మీదా నా మీదా సమానంగా పడే చోటు. నా తల నెరిసిందో, దుమ్ము పట్టిందో మా ఆవిడ కూడా ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. అప్పటికే తోటి మెకానిక్కులు బండికి కంప్యూటర్ తగిలించి జబ్బు చెబుతున్నారు. నాకున్న పరికరాలు రెండు చెవులు. అందులో ఎడమది కాస్త బద్ధకస్తురాలు.

ఆ వేసవిలో శెట్టిగారి పాత అంబాసిడర్ నన్ను బాగా తిప్పలు పెట్టింది. శెట్టిగారు బిస్కెట్లు, సబ్బుల హోల్‌సేల్ వ్యాపారి. దుకాణం బోర్డు మీద ఆయన పేరుకన్నా ‘డిస్ట్రిబ్యూటర్’ అన్న మాటే పెద్దగా ఉంటుంది. కారు జబ్బు మిస్సింగ్. అంటే, నాలుగు సిలిండర్లలో ఏదో ఒకదానిలో పెట్రోలు వేళకు అంటుకోదు. బండి తుమ్మినట్టు కుదుపుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది.

శెట్టిగారి అబ్బాయి కొత్త కారు కొన్నాక ఇంకా ఈ ముసలిదెందుకని ఎవరైనా అడగొచ్చు. కారణం శెట్టిగారి భార్య రత్నమ్మ. ఆమెకు తుంటి ఆపరేషన్ అయింది. ఎత్తు తక్కువ సీట్లలో కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కొత్త కారులో కూర్చోవడమంటే పీట మీద కూర్చున్నట్టే. అంబాసిడర్ సీటు మాత్రం కుర్చీ అంత ఎత్తు. అందులోనే ఆమె వారం వారం గిద్దలూరు వెళ్లి, మంచం పట్టిన అక్కను చూసి వచ్చేది. ఒకరోజు దారిలో రైలు గేటు దగ్గర ఇంజన్ ఆగిపోయింది. గేటు తీశారు, వెనక లారీలు హారన్లు కొట్టాయి. రత్నమ్మ దిగలేదు. ఆమెను లోపల ఉంచే జనం కారును పట్టాలు దాటించారు. అప్పటినుంచి ఆమె కారెక్కలేదు. అక్కను చూసి నెల దాటింది.

నేను ప్లగ్గులు మార్చాను, వైర్లు మార్చాను, కార్బురేటర్ కడిగాను. ఇంజన్ పక్కనుండే డిస్ట్రిబ్యూటర్ అనే భాగం విప్పి లోపలి పాయింట్లు కూడా మార్చాను. పాయింట్లంటే నిప్పురవ్వ పుట్టించే చిన్న స్విచ్చు. అది తెరుచుకున్నప్పుడు మధ్యలో సన్నటి సందు ఉండాలి, ఆ సందును రేకు గేజీతో కొలిచి సర్దుతాం. సర్దిన ప్రతిసారీ బండి కొద్ది రోజులు బుద్ధిగా ఉండి, మళ్లీ మొదలుపెట్టేది. పాయింట్లయితే మార్చాను గానీ అసలు పాయింటు నాకు చిక్కలేదు.

మూడోసారి బండి తెచ్చుకోవడానికి వాళ్లింటికి నేనే వెళ్లాను. రత్నమ్మ వరండాలో ఎత్తు కుర్చీలో కూర్చుని ఉంది.

"నన్ను లోపల పెట్టి తోసినారు నాయనా, నిమజ్జనానికి తీసుకపోయినట్టు," అంది.

నేను శెట్టిగారి వైపు తిరిగాను. "మిస్సింగ్ ఎక్కడ వస్తుంది శెట్టిగారూ, ఎత్తులు ఎక్కేటప్పుడా?"

"యాడైనా వస్తాది."

"యాడైనా కాదు," అని రత్నమ్మ అందుకుంది. "ఈయన తోలేటప్పుడు రోడ్డు తప్ప ఏం తెలుస్తాది? పోయేటప్పుడు బాగానే పోతాది. నిలబడితేనే ఒణుకుతాది. ఆపరేషన్‌కు ముందు నా కాలు అట్లనే ఉన్నింది. లేచి నిలబడితే ఒణుకు, నాలుగడుగులు పడితే సర్దుకునేది."

షెడ్డుకు వెళ్లగానే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, మధ్యలో తిరిగే షాఫ్టును వేళ్లతో పట్టుకుని కదిపాను. అటూ ఇటూ ఊగింది. షాఫ్టుకు నాలుగు మూలలుంటాయి. ఒక్కో మూల వచ్చి పాయింట్లను తెరుస్తుంది. నాలుగు మూలల దగ్గరా సందు కొలిచాను. నాలుగూ నాలుగు రకాలు. నేను ఒక మూలకు సర్దితే మిగతా మూడూ నన్ను వెక్కిరించాయన్నమాట. షాఫ్టు తిరిగే బుష్, అంటే దాని చుట్టూ ఉండే గుల్ల, అరిగిపోయింది. మూత క్లిప్పు ఒకటి వదులై, పలకల దుమ్ము లోపలికి దూరి నూనెలో కలిసి సానరాయి పని చేసింది. వేగంగా తిరిగేటప్పుడు షాఫ్టు కొంత నిలకడగా ఉంటుంది. బండి నిలబడి ఇంజన్ నెమ్మదిగా ఆడేటప్పుడే ఊగులాట బయటపడుతుంది.

సంతోషంలో దుకాణానికి ఫోన్ చేశాను. గుమాస్తా ఓబయ్య ఎత్తాడు. "శెట్టిగారికి చెప్పు ఓబయ్యా, డిస్ట్రిబ్యూటర్ పని అయిపోయింది. ఇంక సర్ది లాభంలేదు, మార్చాల్సిందే," అన్నాను.

కాసేపటికి శెట్టిగారు ఆటోలో దిగారు. భుజం మీద ఎప్పుడూ ఉండే కండువా లేదు.

"ఎవురు చెప్పినారు మస్తానూ? కంపెనీవోళ్లు నీ కాడికి వచ్చినారా?"

"ఏ కంపెనీ శెట్టిగారూ?"

"డిస్ట్రిబ్యూటర్ పని అయిపోయింది, మార్చాల్సిందే అంటివంట గదా! ఇన్నేండ్లు ఊరంతా బిస్కెట్లు ఏసినోన్ని, నాకు చెప్పకుండా నీకు చెప్పినారా?"

నవ్వు ఆపుకుని మూత తీసి చూపించాను. "మార్చాల్సింది మిమ్మల్ని కాదు, దీన్ని."

ఆయన స్టూలు మీద కూలబడి, నీళ్లు తాగి, అప్పుడు నవ్వారు. "ఇది చేసే పనేంది?"

"నాలుగు సిలిండర్లకు వరసగా నిప్పు పంచుతుంది."

శెట్టిగారు షాఫ్టును తామే ఊపి చూశారు. "అంటే సరుకు ఏసేవాడు తూలుతుంటే ఒక దుకాణానికి ముందు, ఇంకోదానికి ఎనక పడతాది. అంతే గదా?"

"అంతే."

"అట్ల చెప్పరాదూ మొదట్నే!"

కొత్తది దొరకలేదు. పాత బుష్ తీసి, లేతు మిషను మీద ఇత్తడిది చేయించి బిగించడం ఒక్కటే దారి. బిగించేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ బాడీ పగిలితే ఇక బండి షెడ్డులోనే. ఆ మాట కూడా దాచకుండా చెప్పాను. అబ్బాయి అప్పటికే బండిని తుక్కుకు ఇచ్చేద్దామంటున్నాడు. శెట్టిగారు తేల్చుకోలేక ఇంటికి ఫోన్ చేసి నా చేతికిచ్చారు.

"లోపలి కడ్డీ బాగుందా నాయనా?" అని అడిగింది రత్నమ్మ.

"బాగుంది పెద్దమ్మా. అది తిరిగే గిన్నె అరిగింది."

"నాకూ తుంటికాడ గిన్నె మార్చినారు గదా. ఏయించు. పగిలితే పగిలె, ఇప్పుడు మాత్రం నేను యాడికి పోతన్నా?"

పలకల కోత యంత్రాలకు సామాన్లు చేసే లేతు మనిషితో బుష్ చేయించాను. బిగించేటప్పుడు నేను ఊపిరి కూడా సగమే పీల్చాను. ఎక్కడా పగల్లేదు. షాఫ్టు దించి కదిపితే కదల్లేదు. నాలుగు మూలలా సందు ఒక్కటే.

అయినా రత్నమ్మ నమ్మలేదు. "నువ్వూ రా. ఆగిందంటే తోసేదానికి తెలిసిన మనిషన్నా ఉంటాడు," అంది. ముందు సీట్లో ఆమె, వెనక నేను, స్టీరింగ్ దగ్గర శెట్టిగారు, గిద్దలూరికి బయల్దేరాం. దారిలో రైలు గేటు పడే ఉంది. గూడ్సు బండి తీరిగ్గా వస్తోంది. రత్నమ్మ తలుపు పిడి గట్టిగా పట్టుకుంది.

"ఇంజన్ ఆపినావా ఏంది?" అంది చివరికి.

"ఆపలేదే, ఆడతాంది," అన్నారు శెట్టిగారు.

ఆమె అరచెయ్యి డాష్‌బోర్డు మీద పెట్టి చూసింది. గేటు లేచింది. శెట్టిగారు క్లచ్చు వదిలారు, బండి పట్టాలు దాటింది. ఆమె చెయ్యి మాత్రం కాసేపు అక్కడే ఉంది.

గిద్దలూరులో శెట్టిగారూ నేనూ వాళ్లక్క ఇంటి బయట అరుగు మీద కూర్చున్నాం. లోపలినుంచి మాటలు వినిపించాయి.

"ఇప్పుడా వచ్చేది? బతికుండానో లేదో చూసేకొచ్చినావా?"

"నువ్వు రాకపోతివే, మంచం దిగి!"

శెట్టిగారు కండువాతో మొహం తుడుచుకుని, ఎండ ఎక్కువైందన్నారు. మేం కూర్చున్నది నీడలో.

అప్పటినుంచి పాత బండి ఏది వచ్చినా తోలేవారిని అడిగి ఊరుకోను. పక్క సీట్లో కూర్చునేవారిని కూడా అడుగుతాను. తోలేవారి ధ్యాస దారి మీద ఉంటుంది, బండి వణుకు తెలిసేది పక్కన ఊరికే కూర్చున్నవాళ్లకు. కొందరు భర్తలకు ఈ పద్ధతి నచ్చదు. లోపం ఎక్కడుందని అడిగితే, వాళ్ల ఆవిడ చెప్పే జవాబు బండి దగ్గరే ఆగదు.