పోచయ్య కాక విప్పొద్దన్న రోజు

మీరు మా పోచయ్య కాకను కలిసి తీరాలి. చేతి గడియారం మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి. కనబడితే విప్పేస్తాడు.

తొంభై తొమ్మిదిలో సైబర్ టవర్స్‌లో ఉద్యోగం రాగానే, మాదాపూర్‌లో ఆయన మేడమీద గదిలో కిరాయికి దిగాను. కాకది రిపేరు దుకాణం. ఫ్యాను ఆగినా, తిరుగుతున్నా ఒకటే మాట: "ఇప్పి సూస్తెనే తెలుస్తది." బాగానే నడుస్తున్న నా అలారం గడియారాన్ని విప్పి బిగించాక మూడు స్క్రూలు మిగిలాయి. అది ఇంకా బాగా నడిచింది! ఆయన భార్య బుచ్చమ్మ బియ్యంలో రాళ్లకన్నా స్క్రూలే ఎక్కువ ఏరేది.

అలాంటి మనిషి, బుచ్చమ్మ మెడమీది గడ్డ థైరాయిడ్ క్యాన్సరని తేలగానే తలకిందులయ్యాడు. పక్కింటి అనసూయమ్మకు చిన్న రంధ్రాల్లోంచే పిత్తాశయం తీశారట, ఇదీ అలాగే తీయమని దవాఖానలో పట్టుబట్టాడు. తోడు వెళ్లింది నేనే. మెడకు ఆ పద్ధతి విదేశాల్లో ఇప్పుడిప్పుడే మొదలైందని, ఇది క్యాన్సరు కాబట్టి కోసి, చుట్టుపక్కలకు పాకిందేమో కళ్లతో చూస్తూ తీయాలని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. గొంతు పలికించే నరం పక్కనే ఉంటుందట. జాగ్రత్తపడతాం, హామీ మాత్రం ఇవ్వలేం అన్నారు.

"జర ఇప్పకుండ అయితదేమో సూడున్రి సారు," అన్నాడు కాక.

బుచ్చమ్మ నవ్వింది. "ఊరందరి మిక్సీలు ఇప్పినవ్. నా కాడికొచ్చేసరికి బయమైతుందా?"

ఆపరేషన్‌కు వారం ఉంది. కాక దుకాణం మూసేసి, టేపు రికార్డరు పైమూత తీసి పొయ్యి పక్కనే పెట్టుకు కూర్చున్నాడు. చాపమీద వైర్లు, ఉప్పు డబ్బాలో స్క్రూలు. బుచ్చమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఇలాంటప్పుడు ఇదేం పనని నాకూ ఒళ్లు మండింది.

ఆపరేషన్ రోజు థియేటరు బయట నాలుగు గంటలు కూర్చున్నాం. నా పెన్ను ఎన్నిసార్లు విప్పాడో లెక్కలేదు. చివరికి జేబులోంచి ఒక క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టాడు.

"దాని గొంతు పోతెనో, బిడ్డా? గందుకే టేపుల పట్టిపెట్టిన. పాడుమంటే సిగ్గుపడ్తది. తిట్లయితే మంచిగొస్తయ్."

గడ్డ మొత్తం తీసేశామన్నారు. గొంతు సంగతి మర్నాటిదాకా తేలలేదు. పొద్దున బుచ్చమ్మ కళ్లు తెరిచి, బొంగురుగా, అయినా స్పష్టంగా అడిగింది. "పొయ్యికాడి స్క్రూలు తీసినవా?"

కాక నన్ను వరండాలోకి లాక్కెళ్లాడు. "ఇగ ఆ క్యాసెట్‌మీద పాటలెక్కియ్యి బిడ్డా. ఆమెకు తెలిస్తే నన్నే ఇప్పి పెడ్తది."

క్యాసెట్ రెండు వైపులా విన్నాను. అన్నీ తిట్లే. ప్రతి తిట్టు చివరా మాత్రం, "సల్లారిపోతున్నది, తిందువు రా," అని ఉంది.

పాటలు ఎక్కించలేదు. బుచ్చమ్మకు చెప్పనూ లేదు. కాక మాత్రం కనబడినప్పుడల్లా ఎక్కించినవా అని అడుగుతూనే ఉన్నాడు. మీరైతే ఏం చేసేవారు?