క్రాంజీ నుంచి వచ్చాక తలస్నానం

ఈ ఆదివారం ఆఫీసు నుంచి ఫోన్ రాలేదు. ఇదే సందని, విజయనగరం నుంచి నేనుండే ఈ పరాయి దేశానికి వచ్చిన మా పెద్దమ్మని క్రాంజీ తీసుకెళ్లాను. జపాను వాళ్లతో జరిగిన యుద్ధంలో తెల్లవాళ్ల తరఫున పోరాడి పోయిన సైనికుల సమాధులున్న చోటది. పెద్దమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఊరు చూపిస్తానని శ్మశానానికి తెచ్చావేటిరా? ఇంటికెళ్లి తలకి పోసుకోవాల!"

"ఇది పార్కు లాంటిదే పెద్దమ్మా, స్నానం అక్కర్లేదు" అని చెమటలు కక్కుతూ వాదించి గెలిచాను.

లోపల గోడల నిండా ఇంగ్లీషులో చెక్కిన పేర్లే. వాటిలో ఒక అప్పలస్వామి కనిపిస్తే చదివి వినిపించాను. పెద్దమ్మ ఆ అక్షరాలను వేలితో ఒకసారి తడిమింది.

జురాంగ్ ఈస్ట్‌లో మా ఫ్లాట్ తలుపు తీయగానే తిన్నగా బాత్‌రూంలోకి వెళ్లి తలకి పోసుకొచ్చింది.

"అక్కర్లేదని ఒప్పుకున్నావుగా!" అన్నాను.

"శ్మశానానికెళ్లినందుక్కాదురా. అప్పలసామంటే మనవైపోడే కదా. ఆడు పోయిన కబురు మనకివాళే కదా అందింది."

చావు కబురుకి ఎనభై ఏళ్ల తర్వాత కూడా స్నానం ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి. నేను మాత్రం తల తుడుచుకుంటూ ఇది టైపు చేస్తున్నాను.