ఆరుగురి రోగాలకు ఒక్క చీటీ

డాక్టరు దగ్గరికి ఎప్పుడూ నన్నే పంపేవాళ్లు. నాకు రోగం ఉండి కాదు, నోరు ఉండి. మస్కట్‌లో మా గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. ఇంటర్ దాకా చదివింది నేనొక్కణ్ణే. హిందీ ధారాళంగా వచ్చు, ఇంగ్లీషు తప్పులతో వచ్చు, అబద్ధం తప్పుల్లేకుండా వచ్చు. ఇన్ని అర్హతలున్నాక గది మొత్తానికి రోగిగా ఇంకెవరిని పంపుతారు?

మస్కట్ అన్నాను గానీ మా జమ్మికుంట వైపు ఆ మాట ఎవరూ వాడరు. మస్కట్ అయినా కువైట్ అయినా మావాళ్లకు దుబాయే. దుబాయ్‌లో ఉన్నాడంటే బంగారం తింటున్నాడనే అనుకుంటారు. అక్కడ మాకు జ్వరమొస్తే ఏం చేస్తామని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

పరాయి దేశంలో జ్వరం తెచ్చుకోవడం బాగా ఖరీదైన పని. సర్కారు దవాఖానా ఆ దేశస్తులది. మాలాంటి బయటివాళ్లకు ప్రైవేటే దిక్కు. కంపెనీ చేతిలో ఒక కార్డు పెట్టింది గానీ, అది చెల్లే దవాఖానా ఊరికి ఆ కొసన ఉండేది. పొద్దున పోతే సాయంత్రానికి గదికి చేరేవాళ్లం. ఆ రోజు డ్యూటీ పోయినట్టే, జీతంలో కోత పడ్డట్టే. మా సందు చివర ఒక ప్రైవేటు క్లినిక్ ఉండేది. అక్కడ డాక్టరమ్మ మొహం చూసినందుకే రెండు రోజుల కూలి కట్టాలి. పరీక్షలు వేరు, మందులు వేరు. అందుకే ఎవరి రోగం వాళ్లు కడుపులో దాచుకునేవాళ్లు. ఎవరైనా సెలవు మీద ఊరికి వెళ్తే పచ్చడి కంటే ముందు మందు గోలీలు తెమ్మని పేర్లు చెప్పి పంపేవాళ్లం.

ఒక చలికాలం గదిలో నలుగురు ఒకేసారి మంచం ఎక్కారు. ఇద్దరికి దగ్గు, ఒకడికి ఒళ్లంతా దురద, ఇంకొకడికి మోకాలు వంగదు. అప్పుడు నాకు తట్టింది. డాక్టరమ్మ మనిషికి ఇంత అని తీసుకుంటుంది గానీ రోగానికి ఇంత అని కాదు కదా! అందరం తలా కొంత వేసుకుని ఒక్క చీటీ రాయిద్దాం, రోగాలన్నీ నావేనని నేను చెప్తాను అన్నాను. గదిలోవాళ్లు నన్ను కలెక్టరును చూసినట్టు చూశారు.

ఒప్పుకోనిది మేమంతా భాయ్ అని పిలిచే ఆయన ఒక్కడే. "గట్ల అబద్ధం చెప్పి మందు తెస్తే పని జేస్తదా తమ్మీ?" అన్నాడు.

"మందుకేమెరిక భాయ్, ఎవని కడుపుల పోతున్నదో?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి ఊరుకున్నాడు.

భాయ్‌ది కాగజ్‌నగర్. మా అందరికంటే పెద్దవాడు. కాగితం మిల్లులో ఏళ్లకేళ్లు పనిచేశాడు. రెండువేల పద్నాలుగులో మిల్లు మూతపడితే కొన్నాళ్లు ఆటో నడిపి, చివరికి మస్కట్ వచ్చి మా కంపెనీలో పైపులు మోసే పనిలో కుదిరాడు. నాలుగేళ్లకు మిల్లు మళ్లీ తెరిచారని తెలిసినప్పుడు, ఇక వెళ్లిపో భాయ్ అన్నాం. "నా జాగల ఇప్పుడు జవాన్ పోరగాళ్లు ఉండరా తమ్మీ, నన్నెవడు పిలుస్తడు?" అన్నాడు. ఒకే మాటలో తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిపి వడ్డించేవాడు. శుక్రవారం సెలవు రోజున బగారా అన్నం కూడా అలాగే వడ్డించేవాడు, అందరికీ పెట్టి తను చివర కూర్చునేవాడు. ఎవరికి జ్వరమొచ్చినా జావ కాచేది ఆయనే. నాకు సొంత అన్న లేడు. ఉంటే ఇలా ఉండాలని అనుకునేవాణ్ణి. ఆ సంగతి ఆయనకు ఏనాడూ చెప్పలేదు.

మొదటిసారి క్లినిక్‌కు వెళ్లినప్పుడు నా ప్రతిభ అంతా బయటపడింది. డాక్టరమ్మ మలయాళీ, అరవై దాటిన మనిషి, హిందీలో మాట్లాడేది. దగ్గు అన్నాను, రాసింది. దురద అన్నాను, ఏదీ చూపించు అంది. చూపించడానికి నా దగ్గరేముంది? ఇవాళే తగ్గింది మేడం అన్నాను. మోకాలు వంగదన్నాను. కూర్చుని లేవమంది. కంగారులో టక్కున కూర్చుని టక్కున లేచాను. ఆమె కళ్లద్దాల పైనుంచి నన్ను చాలాసేపు చూసింది. ఏమనుకుందో ఏమో, అన్నిటికీ మందులు రాసింది. ఆ రాత్రి గదిలో గోలీలు పంచుకుంటుంటే పెళ్లి భోజనంలా అయింది.

ఆ ధైర్యంతో ఇంకో రెండుసార్లు వెళ్లాను. మూడోసారి బయలుదేరుతుంటే భాయ్ బియ్యం కడుగుతూ, "నాకు గూడ జర ఎడమ పక్క గుచ్చుతుంది తమ్మీ. ఆఖరుకు చెప్పు. యాది మర్చినా ఫికర్ లేదు" అన్నాడు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. తప్పకుండా చెప్తా భాయ్ అని వెళ్లాను.

ఆ రోజు డాక్టరమ్మ ముందే చిరాకుగా ఉంది. ఇంత చిన్న వయసులో ఇన్ని రోగాలేమిటి, రక్తపరీక్ష చేయిద్దాం అంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. చివరకు ఎడమ పక్క నొప్పి అన్నాను. ఆమె కలం కింద పెట్టింది. నొప్పి నడుము వైపు పాకుతుందా? మూత్రంలో మంట ఉందా? రంగు మారిందా? వరసగా అడిగింది. అవేవీ నేను భాయ్‌ని అడిగి రాలేదు. ఔనంటే స్కానింగ్ రాస్తుంది. దానికి ఎంతవుతుందో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అయినా నన్ను స్కాన్ చేస్తే భాయ్ కడుపులోది కనపడుతుందా? నిజం చెప్దామంటే ఇంతకుముందు చెప్పినవన్నీ బయటపడతాయి. నోటికి వచ్చింది అనేశాను.

"అవేం లేవు మేడం. గ్యాస్ అనుకుంటా."

ఆమె గ్యాస్ గోలీలు రాసింది. గదికి వచ్చి భాయ్ చేతిలో పెట్టి, నీ నొప్పికి మేడం ప్రత్యేకంగా రాసింది, పొద్దున్నే పరగడుపున వేసుకో అన్నాను. ఆయన కళ్లకద్దుకున్నంత పని చేశాడు. రెండు నెలలు రోజూ వేసుకున్నాడు. అయిపోతే నేనే మళ్లీ కొని తెచ్చాను. ఎట్లున్నది భాయ్ అంటే ఆరామ్ ఉన్నది అనేవాడు. నేను నమ్మాను. నమ్మితే నాకు హాయిగా ఉండేది మరి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అల్లం దంచుతూ దంచుతూ రోలు పక్కనే ముడుచుకుపోయాడు. చెమటలు కారుతున్నాయి, నోటి వెంట మాట లేదు. బాత్రూముకు తీసుకెళ్తే మూత్రంలో నెత్తురు కనిపించింది. ఇద్దరం మోసుకుని సందు చివరి క్లినిక్‌కే తీసుకెళ్లాం. డాక్టరమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. ఎడమ పక్కా అని అడిగింది. ఆయన్ని కాదు, నన్ను. తల ఊపాను. ఆమెకు అంతా అర్థమైంది. నాలుగు తిట్టినా బాగుండేది, తిట్టలేదు.

స్కానింగ్‌లో రాయి కనిపించింది. మూత్రం దిగే దారికి అడ్డంపడి ఉంది. కిడ్నీ ఉబ్బిపోయింది. అక్కడి పెద్ద దవాఖానాలో ఆపరేషన్‌కు ఎంతవుతుందో ఫోన్ చేసి కనుక్కుంది. మా ఇద్దరి ఏడాది జీతం పెట్టినా చాలదు. కంపెనీ కార్డు జ్వరాలకే గానీ ఆపరేషన్లకు చెల్లదు. జ్వరం లేదు కాబట్టి ఇంజెక్షన్ ఇస్తాను, వెంటనే ఊరికి తీసుకుపో, ఈ వారంలో రాయి తీయించకపోతే ఆ కిడ్నీ దక్కదు అంది. దారిలో అవసరమైతే చూపించమని ఉత్తరం రాసిచ్చింది. డబ్బులు కట్టబోతే కౌంటరులో ఉన్న అతనికి చెప్పింది: స్కానింగ్‌కు వద్దు, ఒక్క చీటీకి తీసుకో, వీళ్ల గది అలవాటు అదే. సిగ్గుతో నేను తలెత్తలేదు.

గదిలోవాళ్లు ఉన్నదంతా ఊడ్చి ఇచ్చారు. రెండు టికెట్లూ కలిపినా అక్కడి ఆపరేషన్ ఖర్చులో ఏ మూలకూ రావు. అలా ఒక రాయి తీయించడానికి సముద్రం దాటి వచ్చాం. హైదరాబాదులో దిగి కారు మాట్లాడుకుని కరీంనగర్ వచ్చాం. కాగజ్‌నగర్ దాకా సాగదీసే ధైర్యం నాకు లేదు. భాయ్ భార్య, మా భాభీ, అక్కడి నుంచి రైలెక్కి జమ్మికుంటలో దిగింది. మా అవ్వ, అంటే మా అమ్మే, స్టేషనుకు వెళ్లి వెంటబెట్టుకుని బస్సులో తీసుకొచ్చింది. అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూడలేదు. దవాఖానా మెట్లెక్కేసరికి భాభీ సంచి అవ్వ భుజాన ఉంది.

కౌంటరులో అమ్మాయి ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "దుబాయ్ నుంచి బిడ్డా! ఇద్దరు పొద్దుగాలనే విమానం దిగిండ్రు."

ఆ అమ్మాయి కలం వెంటనే స్పెషల్ రూము వైపు నడిచింది. ఏసీ ఉందంది, టీవీ ఉందంది. భాభీ ముందుకొచ్చి కౌంటరు మీద చెయ్యి పెట్టింది.

"కాగజ్‌నగర్ అని రాయమ్మా. ఆడ ఎట్లాగు పరాయోళ్లమే. ఈడ గూడ పరాయోళ్లను జెయ్యకు."

అవ్వ మొహం చిన్నబోయింది. అదీ ఒక్క క్షణమే. "ఔ, కాగజ్‌నగరే! జనరల్ వార్డే రాయి!" అని తనే కనిపెట్టినట్టు గట్టిగా చెప్పింది.

డాక్టరు భాయ్‌ని పరీక్ష చేస్తూ నొప్పి ఎన్నాళ్లుగా ఉందని అడిగాడు. "నాలుగు దినాలైతుంది సార్" అన్నాడు భాయ్. నేను ఉండబట్టలేక, రెండు నెలల పైనే సార్ అన్నాను. ఈ రెండు నెలలు ఏం మందు వాడారని అడిగితే భాయ్ జేబులోంచి గోలీలు తీసి చూపించాడు. ఇవి గ్యాస్‌వి కదా అన్నాడు డాక్టరు.

"గివెవలిచ్చిండ్రు?" అంది భాభీ.

"ఆడి డాక్టరమ్మ ఇచ్చింది" అన్నాడు భాయ్, నావైపు చూడకుండా.

పెద్ద నోరున్నవాణ్ణని కదా నన్ను పంపింది, ఆ నోరు అప్పుడు పెగల్లేదు.

మర్నాడు రాయి తీశారు. కిడ్నీ దక్కింది గానీ సగమే పనిచేస్తుందన్నారు. మళ్లీ ఆ ఎండల్లో బరువులు మోసే పనికి పోతే మిగిలిన సగమూ పోతుందన్నారు. అంటే మస్కట్ అయిపోయినట్టే. భాభీ అంతా విని, మనిషి దక్కిండు చాలు అంది. అవ్వ ఆమెను చాయ్ తెద్దాం రమ్మని కిందికి తీసుకెళ్లింది. నేనూ భాయ్ మిగిలాం. ఇక దాచుకోవడం నావల్ల కాలేదు.

"భాయ్, డాక్టరమ్మ తప్పు లేదు. ఆమె మంచిగనే అడిగింది. గ్యాస్ అని నేనే చెప్పిన. పరీక్షలు రాస్తదని భయపడి చెప్పిన."

"నాకెరికె తమ్మీ" అన్నాడు.

"ఎట్లెరిక?"

"గోలీలు జూస్తె తెల్వదా? మీ భాభీ ఏండ్ల సంది గవ్వే మింగుతది."

"మరి తెల్సి తెల్సి రెండు నెలలు ఎందుకు మింగినవ్?"

"నువ్వు తెచ్చినవ్ గద. మింగకపోతే నువ్వు పరేషాన్ అయితవని."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పక్క మంచాలవాళ్లు తిరిగి చూస్తున్నా ఆగకుండా తిట్టాను. నా మొహం చిన్నబోతుందని కిడ్నీ పోగొట్టుకుంటావా, నీకేమన్నా పిచ్చా అని అరిచాను. అరుస్తుంటేనే ఏడుపొచ్చింది. ఆయన నా చెయ్యి పట్టుకుని, మీ భాభీ వస్తుంది, ఆమెకు మాత్రం చెప్పకు అన్నాడు. అంతలోనే ఆమె చాయ్ కప్పులతో రానే వచ్చింది, వెనకాలే అవ్వ. ఆయన వద్దని సైగ చేస్తూనే ఉన్నాడు. నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను.

భాభీ మంచం అంచున కూర్చుని అంతా వింది. తర్వాత ఒక కప్పు నా ముందుకు జరిపింది.

"కోపం లేదని గాదు తమ్మీ, మస్తుగున్నది. ముందుగాల చాయ్ తాగు" అంది.

తాగాను. కప్పు ఖాళీ అయ్యేదాకా నన్నే చూసి, అప్పుడు భాయ్ వైపు తిరిగి, తెలిసి మింగినందుకు ఆయన్ని తిట్టడం మొదలుపెట్టింది.