మూడున్నర గంటల ముందు

గడియారాలు బాగుచేసే ఆయన్ని పేటలో అందరూ సెకండ్ల మేస్త్రీ అనేవారు. ఎవరి దగ్గరా చేరి నేర్చుకున్న పని కాదు. పాత గడియారాలు విప్పి, చెడగొట్టి, చివాట్లు తిని, మళ్లీ విప్పి నేర్చుకున్నాడు. ఆవగింజంత స్క్రూ కింద పడితే, పడిన చప్పుడును బట్టి ఏ మూలకు దొర్లిందో చెప్పేవాడు. దుకాణంలో ఎవరైనా కబుర్లకు దిగితే, "నోరాడితే చెయ్యాగుతుంది బాబూ" అని కంటికి అద్దం తగిలించుకునేవాడు.

ఆయన ఎడమ చేతి గడియారమే ఆ దుకాణానికి పెద్ద దిక్కు. బాగుపడిన ప్రతి గడియారాన్నీ దాన్ని చూసే కలిపేవాడు. దాని ముళ్లు మాత్రం తిప్పేవాడు కాదు. "ఇది తప్పితే పేట మొత్తం తప్పుతుంది" అనేవాడు.

పెళ్లయి పదహారేళ్లు. పిల్లల్లేరు. రెండుసార్లు వైద్యం చేయించుకున్నారు, రెండుసార్లూ నిలవలేదు. భార్యకు నలభై ఒకటి నిండేసరికి ఇక్కడి డాక్టరు చేతులెత్తేశాడు. పరాయి దేశంలో ఒక ఆసుపత్రివాళ్లు మాత్రం, ఒక్కసారి ప్రయత్నిస్తాం, అదీ కుదరకపోతే ఇక ఆమె అండాలతో ఆశ పెట్టుకోవద్దని రాశారు. దుకాణానికి నెల రోజులు తాళం వేసి ఇద్దరూ బయల్దేరారు.

బయల్దేరే రోజున మేస్త్రీ పెద్దక్క వచ్చింది. "పట్టిందల్లా బాగుచేసే చెయ్యి నీది. లోపం ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. ఎందుకురా ఈ తిరుగుడు?" అంది, మరదలు వినేలాగే. మరదలు పెట్టె తాళం సరిచూసుకుంటున్నట్టు తల వంచుకుంది.

అక్కడ అద్దెకు దొరికింది రెండో అంతస్తులో ఒక గది, పక్కన ఇరుకు వంటగది. గోడ మీద ఎప్పుడో ఆగిపోయిన కీ గడియారం. మేస్త్రీ చూపు దాని మీదే పడింది. "మనది కాదు కదండీ, వదిలేయండి" అంది ఆమె. వదిలేశాడు. ఆ దేశపు సమయం మనకంటే మూడున్నర గంటలు వెనక. ఫోను దానంతటదే మారిపోయింది. మేస్త్రీ తన చేతి గడియారాన్ని మార్చలేదు. చూసిన ప్రతిసారీ మూడున్నర గంటలు తీసేసుకునేవాడు.

అండాలు పెరగడానికి రోజూ ఆమె పొట్టకు వేయాల్సిన సూది తనే వేసేవాడు. "మీ చెయ్యి పడితే నొప్పే తెలీదండీ" అనేది ఆమె.

పన్నెండో రోజు పరీక్షలో పదకొండు అండాలు కనిపించాయి. డాక్టరు చెప్పింది మన భాషలోకి మార్చి చెప్పడానికి ఆసుపత్రిలో ఒక అమ్మాయి ఉండేది. "ఇవాళ సాయంత్రం సరిగ్గా ఎనిమిదింటికి ఆఖరి సూది వేయాలి. ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి అండాలు తీస్తారు. నడుమ ముప్ఫై ఆరు గంటలు. మరీ ఆలస్యమైతే అవి వాటంతటవే విడిపోతాయి, ఇక చేతికి రావు. సూది ముందూ వెనకా అయితే వెంటనే ఫోన్ చేయండి, ఆపరేషన్ టైము మారుస్తారు" అంది.

భార్య అలారం పెట్టడానికి ఫోన్ తీసింది.

"నేనుండగా అలారమెందుకే?" అన్నాడు మేస్త్రీ.

"అదీ నిజమే" అని నవ్వి ఫోన్ లోపల పెట్టేసింది.

మధ్యాహ్నం భోంచేసి ఆమె పడుకుంది. పొట్ట బరువెక్కి కూర్చోలేకపోతోంది. మేస్త్రీకి కాలు నిలవలేదు. గోడ గడియారాన్ని దించాడు. దువ్వెన మరిచిపోతాడు గానీ పనిముట్ల సంచి ఎక్కడికైనా తీసుకెళతాడు. లోపల నూనె ఎండి జిగురైపోయింది. ఒక్కో చక్రం తీసి, తుడిచి, మళ్లీ కూర్చాడు. పనిలో పడితే ఆయనకు ఆకలే తెలియదు, పొద్దేం తెలుస్తుంది? పైగా అక్కడ ఎండాకాలంలో తొమ్మిది దాకా వెలుతురే. కిటికీ చూసినా టైము తెలియదు.

గడియారం నడిచింది. మేస్త్రీ ప్రాణం లేచొచ్చింది. వేలసార్లు చేసిన పనే కాబట్టి చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. మణికట్టు చూశాడు, ఏడు. గోడ గడియారం ముళ్లు ఏడుకు తిప్పి తగిలించాడు. మూడున్నర తీసేయాలన్న సంగతి ఆ క్షణాన మనసుకు రాలేదు.

గోడ మీద ఎనిమిదికి పది నిమిషాలుండగా భార్యను లేపాడు. "అమ్మో, ఇంతసేపు పడుకున్నానా?" అంది. సెకండ్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే సూది వేశాడు. ఆమె అటు తిరిగి మళ్లీ నిద్రపోయింది.

మేస్త్రీ బ్రెడ్డు కోసం కిందికి దిగాడు. ఏడింటికే మూసేసే దుకాణం తెరిచి ఉంది. లోపల గోడ మీద టైము నాలుగు యాభై. బ్రెడ్డు పట్టుకుని నిలబడిపోయాడు. దుకాణదారు రెండుసార్లు ఏదో అడిగింది. ఆయనకేమీ వినపడలేదు.

పైకొచ్చాడు. ఫోను వంటగదిలో ఛార్జింగులో ఉంది. ఆసుపత్రి నంబరు తీశాడు. ఏమని చెప్పాలి? సెకండ్ల మేస్త్రీ మూడున్నర గంటలు తప్పాడని చెప్పాలా? ఎంత మంచి గడియారానికైనా రోజుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, మనిషి శరీరానికి ఉండదా అనుకున్నాడు. ఫోన్ కింద పెట్టాడు. ఆ తర్వాత జన్మలో చేయని పని చేశాడు. తప్పు దాచడానికి గడియారం తిప్పాడు. ఆమె తెల్లారి లేచేసరికి గోడ మీద సరైన టైమే ఉంది.

ఆ రోజంతా ఆమె ఉషారుగా ఉంది. "పదకొండులో ఒక్కటి నిలబడినా చాలు. మీ చెవులు రాకుండా ఉంటే అదే పదివేలు" అంది. మేస్త్రీ నవ్వాడు. రెండుసార్లు నోరు తెరిచాడు.

"ఏంటండీ అలా ఉన్నారు?"

"భయంగా ఉంది."

"నాకు లేని భయం మీకెందుకు?"

మర్నాడు ఆపరేషన్ ముందు నర్సు కాగితంతో వచ్చింది. సూది ఎప్పుడు పడిందని భాష మార్చే అమ్మాయి అడిగింది. మేస్త్రీకంటే ముందే భార్య అందుకుంది. "ఎనిమిదింటికి. సెకను కూడా తేడా ఉండదు. మా ఆయనెవరనుకున్నారు?"

నర్సు రాసుకుంది. మేస్త్రీ ఆ పెన్ను వంకే చూశాడు. మంచం చక్రాలు కదిలాయి.

ముప్పావుగంటకు డాక్టరు వచ్చాడు. పదకొండులో తొమ్మిది ముందే విడిపోయాయట. దొరికిన రెండూ పనికి రావట. "సూది టైముకే పడిందా అని అడుగుతున్నారు" అంది అమ్మాయి. భార్య మత్తులోంచి కళ్లు తెరిచి చూస్తోంది.

"నాలుగున్నరకు వేశాను" అన్నాడు మేస్త్రీ.

డాక్టరు ఏదో అన్నాడు. అమ్మాయి మార్చి చెప్పింది. "ముందే చెప్పుంటే తెల్లవారుజామున నాలుగున్నరకే తీసేవాళ్లం అంటున్నారు."

భార్య ఏడవలేదు. గదికి వచ్చాక చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూర్చుంది.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే. బ్రెడ్డుకెళ్లినప్పుడు."

"పొరపాటు ఎవరికైనా వస్తుంది. నడుమ ఒక రోజంతా ఉంది కదండీ. ఆ రోజంతా నా పక్కనే కూర్చున్నారు."



అప్పుడే పెద్దక్క ఫోన్ చేసింది. "కుదరలేదు వదినా" అని మాత్రం చెప్పింది ఆమె. "నాకు ముందే తెలుసు, ఎండిన చెట్టుకు ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం" అని అవతల మొదలైంది. మేస్త్రీ ఫోన్ లాక్కున్నాడు.

"అక్కా, తప్పు నాది. సూది మూడున్నర గంటల ముందే వేశాను."

"నువ్వా? టైము తప్పావా? పెళ్లాన్ని వెనకేసుకురావడానికి కూడా ఒక హద్దుండాలిరా."

"నిజమక్కా."

"సరేలే. ఆ కబుర్లు ఇంకెవరికైనా చెప్పు" అని పెట్టేసింది.

ఇంకెవరికైనా కాదు, తిరిగొచ్చాక అడిగిన ప్రతివాళ్లకూ చెప్పాడు. దుకాణం మెట్ల మీద నిలబడి చెప్పాడు, పని ఆపి మరీ చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. భార్య లోపం తన నెత్తిన వేసుకుంటున్నాడు, మొగుడంటే అలా ఉండాలి అన్నారు. ఆయన చెప్పేకొద్దీ తప్పు ఆమె మీదే గట్టిపడింది. ఆ మెచ్చుకోలు చెవిన పడినప్పుడల్లా ఆమె వంటింట్లోకి వెళ్లిపోయేది.