నవమి నాటి మిరప దుమ్ము

కంప్యూటరు మూత విప్పగానే అది ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలిసిపోయేది. జిన్నింగు మిల్లుదైతే ఫ్యాను రెక్కలకు దూది చుట్టుకుని ఉండేది. పిడుగురాళ్ల వైపు సున్నం బట్టీలదైతే లోపలంతా తెల్లటి పూత. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చినదాన్ని మాత్రం షాపులో విప్పేవాళ్లం కాదు. వెనక వేపచెట్టు కింద బల్ల మీద పెట్టి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ముక్కుకు పైట కట్టుకుని, అప్పుడు బ్లోయర్‌తో దుమ్ము కొట్టేవాళ్లం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. షాపు అద్దంకిలో మా వీధి మొదట్లో ఉండేది. పెట్టింది మా ఎదురింటి కోడలు. రిపేరు కోర్సు చదివిన పిల్ల, నన్ను పిన్నీ అని పిలిచేది. నేను అంతకుముందు మిరప చేలల్లో కోతలకు వెళ్లేదాన్ని. నడుం నొప్పితో అది మానేశాక, "ఊరికే కూర్చుంటే నొప్పి పోద్దా పిన్నీ, రా" అని తీసుకెళ్లి చేతిలో బ్రష్షు పెట్టింది. మాలో మూడో మనిషి టీచరమ్మ. పగలు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి, సాయంత్రాలు మాలాంటి పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించేది. నలభై దాటాక నాకు చదువు వచ్చింది ఆవిడ దగ్గరే. ఆ చదువుతో నేను చేసిన మొదటి పని, ఏ మిషను ఎవరిదో కాగితం ముక్క మీద రాసి అంటించడం.

"పిన్నీ, నువ్వు పేరు రాసేలోపు నేను మిషను బాగుచేసేశా" అని ఆ పిల్ల ఎగతాళి చేసేది.

"నీ స్క్రూలు ఎక్కడికీ పోవులే. నా గుడి, దీర్ఘం తప్పితే వేరేవాడు పట్టుకుపోతాడు మిషను" అనేదాన్ని.

అప్పట్లో కంప్యూటర్లోకి సాఫ్ట్‌వేరు మళ్లీ ఎక్కించాలంటే చాలాసేపు పట్టేది. తెర మీద నీలం గీత చీమలా పాకుతూ ఉండేది. అది నిండేదాకా మాకు వేరే పని ఉండదు కాబట్టి పాటలు పాడుకునేవాళ్లం. టీచరమ్మ హార్మోనియం, నేను తాళాలు, పాట ఆ పిల్లది. రిపేరుకు వచ్చిన స్పీకర్లను మా పాటతోనే పరీక్ష చేసేవాళ్లం.

ఆ పిల్ల పెళ్లికి ముందు కాలేజీలో పాడేదట. పెళ్లయ్యాక మైకు ముందు నిలబడలేదు. ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో పాడాలని పట్టుబట్టి కమిటీ పెద్దాయన దగ్గరికి మమ్మల్నీ తీసుకెళ్లింది.

"ఏటా గుంటూరు నుంచి పార్టీ వస్తోంది కదమ్మా. రిపేరు షాపులో కూనిరాగాలు తియ్యడం వేరు, పందిట్లో పాడటం వేరు" అన్నాడాయన.

"ఒక్క గంట ఇవ్వండి బాబాయ్‌గారూ. బాగోకపోతే ఇంకెప్పుడూ అడగను."

ఆయన సరేనన్నాడు కానీ, ఆ మాట అనేసి వచ్చాక తనకే భయం పట్టుకుంది. ఆ తర్వాత రోజూ సాధనే.

నవమి నాడు పొద్దున్నే కోల్డ్ స్టోరేజీ గుమాస్తా మోపెడ్ మీద కంప్యూటరు కట్టుకుని వచ్చాడు. "బిల్లులు రావట్లేదమ్మా. లారీలు నిలబడిపోయినయ్యి. ఓనరు నన్ను తినేస్తన్నాడు" అని బతిమాలాడు. ఆ పిల్ల కాదనలేకపోయింది.

వేపచెట్టు కింద అప్పటికే పానకం గుండిగలు దించారు. నేనూ అక్కడే కూర్చుని ఏలకులు దంచుతున్నాను. ఆ పిల్ల కంప్యూటరు ఎత్తుకుని రావడం చూసి పానకం కలుపుతున్న ఆడవాళ్లు ఒక్కసారిగా కేకలేశారు.

"ఏమ్మోవ్, ఆ కారం పెట్టె ఇటు తీసుకురాబాక! రాములోరికి కారం తాగిస్తావా ఏంది?"

నవ్వి వెనక్కి తిరిగింది. దుమ్ము పానకం మీదికి రాకూడదని షాపు తలుపులు, కిటికీలు మూసి మరీ బ్లోయర్ పెట్టింది. టీచరమ్మ కూడా లోపలే హార్మోనియం తుడుచుకుంటోంది. నాకు ముందు బ్లోయర్ మోత వినిపించింది, ఆ వెంటనే దగ్గు. తలుపు తోసుకుని ఇద్దరూ బయటపడేసరికి కళ్లు పండుమిరపకాయల్లా ఉన్నాయి.

"ఏమైందే?" అన్నాను. ఆ పిల్ల నోరు తెరిచింది కానీ గాలి తప్ప మాట రాలేదు.

కంప్యూటరు మాత్రం బాగైంది. గుమాస్తా దండం పెట్టి పట్టుకుపోయాడు.

పటికబెల్లం, వేడినీళ్లు, ఎవరేం చెబితే అది చేశాం. సాయంత్రానికి గుసగుస మాత్రం వచ్చింది. షాపు మెట్టు మీద కూర్చుని ఏడుస్తోంది.

"నా చేతులకేం కాలేదు. గొంతున్నది వదినకే" అంది టీచరమ్మ, దగ్గుతూ నా వైపు చూసి.

"తాళం వెయ్యడం తప్ప నాకేం వచ్చు?"

"చేలో పాడేదానివంటగా" అంది ఆ పిల్ల గుసగుసగా.

"చేలో మిరప చెట్లు వింటాయే. అవి లేచి వెళ్లిపోలేవు."

"ఈరోజు పాడకపోతే మళ్లీ ఆయన్ని అడగలేను పిన్నీ."

నా తాళాలు తన చేతిలో పెట్టి లేచాను.

పందిట్లో టీచరమ్మ నా శ్రుతి కోసం హార్మోనియం మెట్లు వెతుక్కుంటూ కిందికి దిగుతోంది. "ఇక్కడా? ఇంకా కిందికా?" అని అడుగుతుంటే, "ఇంకొంచెం దిగితే బావిలో పడతారు" అన్నారెవరో. అందరూ నవ్వారు. కోతల్లో మేం పాడుకునే సీతమ్మ అప్పగింతల పాట ఎత్తుకున్నాను. మొదటి చరణం వణికింది. వెనక వరసలో నాతో చేలకు వచ్చిన ఆడవాళ్లున్నారు. అలవాటు కొద్దీ, ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకున్నట్టు, వాళ్లు అందుకున్నారు. ఇక నాకు పందిరి సంగతే మరుపొచ్చింది.

నా తాళాలు ఆ పిల్ల వేస్తోంది. మూడో పాటలో ఉండబట్టలేక తనూ నోరు తెరిచింది. బొంగురుగా, చీలిపోయి వచ్చింది గొంతు. కానీ శ్రుతిలోనే ఉంది. నేను మైకు ఆమె వైపు తిప్పి కొంచెం పక్కకు జరిగాను. ఒక్కసారి నా మొహం చూసి, అందుకుంది. పైకి వెళ్లలేక ఆగిన చోటల్లా వెనక వరస ఆ పాటను ఎత్తి పట్టుకుంది. గంట దాటినా ఎవరూ లేవలేదు.

అయిపోయాక పెద్దాయన మా దగ్గరికొచ్చాడు. "వచ్చే ఏడూ మీరే పాడండమ్మా. కానీ నవమి రోజు షాపు తెరిచారంటే నేనే వచ్చి షట్టరు దించుతా."

"అయితే రెండు గంటలు ఇవ్వాలి బాబాయ్‌గారూ" అంది ఆ పిల్ల. మిగిలిన గొంతూ పాటకే అయిపోయింది. ఆయనకు వినపడక మా వైపు చూస్తే, టీచరమ్మ ఆ మాట మళ్లీ చెప్పింది.