మూడో పిల్ల

ఒక మేకపిల్లను చూసి నేను కుళ్ళుకున్నాను. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. సాటి ఆడదాన్ని చూసి ఓర్వలేదంటే లోకం అర్థం చేసుకుంటుంది. పుట్టిన రెండు రోజులకు కూడా కాళ్ల మీద నిలబడలేని పిల్లను చూసి కడుపు మండిందంటే నవ్వుతారు.

మాది ఆత్మకూర్ (ఎస్) దగ్గర పల్లె. నా భర్త నాకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచి బావా అనే పిలుస్తాను. పెళ్లయిన కొత్తలో ఆయన దామరచర్లలో కరెంటు ప్లాంటు కడుతుంటే సెంట్రింగ్ పనికి పోయాడు. అక్కడ పని అయిపోయాక ఇంటికి వచ్చి మేకలు పెట్టుకున్నాడు. పోయిన చలికాలానికి మా కొట్టంలో పద్నాలుగు మేకలు ఉన్నాయి.

వాటిలో నల్లమేక ఒకనాడు మధ్యాహ్నం మూడు పిల్లల్ని ఈనింది. మేకకు ఉండేవి రెండే చన్నులు. మొదటి రెండు పిల్లలు లేచి చెరొకటి పట్టుకున్నాయి. మూడోది ఆడపిల్ల, గుప్పెడంత ఉంది. లేవబోయి పడింది, మళ్లీ లేవబోయి పడింది. తల్లి దాన్ని ఒకసారి వాసన చూసి మూతితో పక్కకు నెట్టేసింది.

"ఇది బతకది కొడుకా, ఇడిసిపెట్టు," అన్నది మా అత్త.

బావ వినలేదు. అంగీ గుండీలు విప్పి, పిల్లను పొట్టకు ఆనించుకుని ఇంట్లోకి తెచ్చాడు. దాని నోట్లో వేలు పెట్టి చూశాడు.

"నోరు సల్లగున్నది. ముందుగాల ఎచ్చవడాలె. సల్లటి కడుపుల పాలు పోస్తె అరగయి."

తుడవడానికి మెత్తటి గుడ్డ కోసం ఇనుప పెట్టె తెరిచి, అడుగున ఉన్న పాత నూలు చీర ఒకటి లాగాడు. ఆకుపచ్చ చీర, అంచు చిరిగిపోయింది. అది మా బిడ్డకు ఉయ్యాల కట్టిన చీర. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలియడానికి ఆ రోజుల్లో ఆయన ఇంట్లో ఉంటే కదా. గడపలో నిలబడి, ఆయన ఆ చీరతో దాని చెవులూ కాళ్ల సందులూ తుడుస్తుంటే చూస్తూ ఉండిపోయాను.

మా బిడ్డ మిర్యాలగూడలో, మా తల్లిగారి ఊళ్లో, దవాఖానలో పుట్టింది. నెలలు నిండకముందే పుట్టింది. తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో పెట్టారు. దామరచర్ల నుంచి మిర్యాలగూడకు బస్సెక్కితే గంట కూడా పట్టదు. బావ ఆరో రోజు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని అద్దం అవతల నుంచి చూశాడు. "బాగనే ఉన్నది గద," అన్నాడు. మళ్లీ బస్సుకు వెళ్లిపోయాడు. చన్ను పట్టలేని బిడ్డకు పాలు గిన్నెలోకి పిండి, చెంచాతో చుక్క చుక్కగా పోసింది నేను. ఇదంతా జరిగి ఏడేళ్లయింది, బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. మర్చిపోయాననే అనుకున్నాను.

ఇప్పుడు అదే మనిషి తల్లిమేక దగ్గర జున్నుపాలు పిండి, రబ్బరు పీక ఉన్న సీసాలో పోసి, ముందు తన ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసుకుంటున్నాడు. పిల్ల బొడ్డుకు పసుపు అద్దుతున్నాడు. గంపలో గోనెసంచి పరిచి, దాని మీద నా చీర పరిచి, పైన బల్బు వేలాడదీశాడు. మేకల్ని మేతకు తోలుకుపోయినవాడు మధ్యలో నడిచి వచ్చి పాలు తాపి వెళ్లేవాడు.

"తాగు నా తల్లీ, ఇంకొక్క గుక్క. నా బంగారం గద."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆయనకు అలాంటి గొంతు ఒకటుందని కూడా నాకు తెలియదు.

పక్కింటామె వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకుంది. "నీ పెనిమిటికి ఎంత ఓపికనే! మా ఆయన గిట్ల సూడనే సూడడు. అదృష్టమంతురాలివి," అన్నది. ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఆ పూట పప్పులో కావాలనే రెండింతలు ఉప్పు వేశాను. ఆయన ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చేత్తో కలుపుకుని తినేసి లేచాడు. ఉప్పు సంగతి ఆయనకు తెలియనే లేదు. నాకు ఇంకా మండింది.

అయిదో రోజు ఆయన కోదాడ వెళ్లాల్సి వచ్చింది. అక్కడ ఒకాయన దగ్గర మంచి మేకపోతు ఉందని తెలిసి, చూసి వద్దామని. వెళ్లేముందు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"రెండు గంటలకోసారి తాపాలె. గోరెచ్చగ ఉండాలె. తల జర పైకి పెట్టు. ఎల్లకిల పండవెట్టి తాపకు, పాలు ఊపిరిల వడ్తయి. సమజైందా?"

"పిల్లల్ని సాకుడు నాకు నేర్పుతున్నవా బావా?" అన్నాను. ఆయన నవ్వాడు, సరసమాడాననుకుని.

పొద్దున ఒకసారి తాపాను. సూర్యాపేట బస్టాండు నుంచి ఫోన్ చేశాడు. "తాగిందా?" తాగిందన్నాను. అది నిజమే. కోదాడలో దిగి మళ్లీ చేశాడు. "తాగిందా?" అప్పటికి రెండోసారి తాపే వేళ దాటిపోయింది. సీసా పొయ్యి పక్కనే ఉంది. తాగిందన్నాను. బిడ్డ అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు ఇలా ఒక్క రోజైనా రెండుసార్లు ఫోన్ చేశావా అని అడగాలని నాలుక మీదికి వచ్చింది. ఫోన్ పెట్టేశాను. బట్టలు తీసుకుని నల్లా దగ్గరికి పోయాను. గంపలోంచి సన్నగా అరుపు వినిపిస్తూనే ఉంది. అరవనీ అనుకున్నాను. దుప్పట్లు కూడా ఉతికాను. కాసేపటికి అరుపు ఆగిపోయింది.

తడి చేతులతోనే లోపలికి పరుగెత్తాను. పిల్ల మెడ ఒక పక్కకు వాలిపోయి ఉంది. నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది. అంతవరకూ నాలో ఉన్న కోపమంతా ఎటో పోయింది. గోరువెచ్చని నీళ్లు తొట్టిలో పోసి, తల మాత్రం పైకి పట్టుకుని దాన్ని ముంచాను. పొడిగా తుడిచి, పైట కింద కడుపుకు హత్తుకుని ఎండలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. అత్త వచ్చి ఎదురుగా నిలబడింది.

"పాలు తాపలేదా?"

"మర్సిన అత్తా."

"నువ్వు మరవలే," అన్నది. అంతే. లోపలికి పోయి బెల్లం నీళ్లు తెచ్చి ఇచ్చింది.

వేలితో ఆ నీళ్లు నాలుక మీద రాశాను. చాలాసేపటికి పిల్ల పెదవి కదిలింది. తర్వాత నా వేలిని చీకింది. పాలసీసా పెడితే సగం తాగి, నా కడుపు మీదే నిద్రపోయింది. దాని గుండె టకటకా కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. అది బతికిందని సంతోషమే. కానీ ఆ సంతోషం వెనకాలే పాత మంట మళ్లీ లేచింది. ఒంటికి హత్తుకుని కూర్చోవడం ఇంత సులువైన పనా? మరి ఆయన నా బిడ్డకు ఇది ఎందుకు చేయలేదు?

సాయంత్రం ఆయన రాగానే చెప్పేశాను.

"రెండోసారి తాపలే బావా. మర్సి కాదు, కావాల్నే తాపలే. సచ్చిపోవాల్సింది."

ఆయన గంప దగ్గర కూర్చుని పిల్లను చూసుకున్నాడు. ఎందుకని అడిగాడు. అప్పుడు ఏడేళ్లది మొత్తం బయటికి వచ్చింది. మిర్యాలగూడ, ఆరో రోజు, అద్దాల పెట్టె, అది బిడ్డకు ఉయ్యాల కట్టిన చీరని కూడా చెప్పాను. ఆయన చిరిగిన చీర అంచును వేళ్లతో సరిచేశాడు.

"భయమైందే," అన్నాడు. "సిమెంటు పనికి నా చేతులు పలిగి ఉండె. గంత సన్న పిల్ల. ముట్టుకుంటె ఏమన్నైతదని. పట్టుకొమ్మని ఎవరన్నా అన్నరా నన్ను?"

"నువ్వు అడిగినవా?"

"అడగలే."

"మరి దీన్నెట్ల పట్టుకున్నవ్?"

"మేకనే గద. పోయినా నన్నెవరేమంటరు."

ఆ జవాబుతో నా మనసు చల్లబడిందని చెప్పను. ఆయన చెప్పింది నిజమని మాత్రం తెలిసింది. ఆ వారమంతా నేనే వేళకు పాలు తాపాను. ఎవరూ చెప్పకుండానే.

మూడో పిల్ల బతికింది. ఇప్పుడు మందలో తిరుగుతోంది. మిగతావాటికంటే కొంచెం పొట్టిది, అంతే. బావ చెట్టెక్కి కొమ్మ విరిస్తే మొదట ఉరికేది అదే. నేను పిలిస్తే తల తిప్పి చూసి మళ్లీ మేస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు బావ బిడ్డకు బడికి జడలు వేయడం మొదలుపెట్టాడు. పాపిట వంకరగా తీస్తాడు. ఒక జడ లావు, ఒక జడ సన్నం. బడిలో పిల్లలు నవ్వితే నవ్వనీ అంటుంది మా బిడ్డ. నిన్న పొద్దున నేను నూనె సీసా తీసుకుని పిలిస్తే దూరం జరిగింది.

"నువ్వొద్దు. నాయినే వెయ్యాలె," అన్నది.

ఆయన మేకల కొట్టంలోంచి చేతులు కడుక్కుని వచ్చి దాని వెనక కూర్చున్నాడు. ఏదో చెప్తున్నాడు, అది నవ్వుతోంది. ఏళ్ల తరబడి నేను కోరుకున్నది ఇదే. అయినా పొయ్యి దగ్గరికి పోయి గిన్నెలు కాస్త గట్టిగానే సర్దాను.